గడప ఇవతల ఆగిన కబురు

కిందటి వారం సుబ్బలక్ష్మిని గేటు దగ్గర, కూరగాయల సంచీ చేతిలో ఉండగానే, కొయ్యబారిపోయినట్టు నిలబెట్టి వదిలాం. ఆమె నారాయణగూడ మార్కెట్‌కు వెళ్లి వచ్చేలోగా రెండు పిలుపులు జరిగిపోయాయి. ఇరవై ఏడేళ్ల కింద ఇల్లు విడిచి వెళ్లిపోయిన మంజుల, ఆడపడుచు కూతుర్ని అశోక్‌నగర్‌లో కోచింగ్ హాస్టల్లో చేర్చడానికి బెంగుళూరు నుంచి వచ్చి, చిక్కడపల్లి సందులో తాము ఒకప్పుడు కిరాయికి ఉన్న సుబ్బలక్ష్మి ఇంటి ముందు ఆగింది. "వెనక పోర్షన్‌ల ఉండేటోళ్లు ఇప్పుడు యాడున్నరు?" అని అడిగింది. పాత సంగతులేవీ తెలియని మనవరాలు మహిత, "మా తాతయ్యకు తెలుసు ఆంటీ. ఆదివారం ఫైనల్ మ్యాచ్‌కి డాబా మీద బార్బెక్యూ పెట్టుకుంటున్నాం, తప్పకుండా రండి" అని నోరారా పిలిచింది. అదే పూట సుబ్బలక్ష్మి భర్త సూర్యప్రకాశరావు బాగ్ లింగంపల్లిలో తన పాత స్నేహితుడు కనకయ్యను పట్టుకుని, అదే డాబా మీదికి పిలిచి వచ్చాడు. కనకయ్య మంజుల తండ్రి.

తండ్రి వస్తున్నట్టు కూతురికి తెలియదు. కూతురు వస్తున్నట్టు తండ్రికి తెలియదు. ఇద్దరూ వస్తారని తెలిసింది సుబ్బలక్ష్మికొక్కదానికే. ఆమెకు ఇంకొక సంగతి కూడా తెలుసు. అది ఇరవై ఏడేళ్లుగా ఆమె ఎవరికీ చెప్పలేదు.

నాలుగు రోజులు భర్తకు చెబుదామని నోరు తెరిచింది. మంజుల వస్తోందని చెబితే మిగతాది కూడా చెప్పాలి. ఉప్మాలో ఉప్పు సరిపోయిందా అని అడిగి ఊరుకుంది.

ఆదివారం మధ్యాహ్నం మూడింటికే డాబా మీద పొగ లేచింది. పొగే తప్ప మంట లేదు. కొడుకు నరేంద్ర ముషీరాబాద్‌లో వెల్డింగ్ షాపుకు వెళ్లి, పాత ఇనప డ్రమ్మును నిలువునా కోయించి, కాళ్లు పెట్టించి, పైన జాలీ వేయించుకు వచ్చాడు. కోడలు హారతి పొద్దుటి నుంచీ పెరుగులోనూ మసాలాలోనూ నానబెట్టిన చికెన్ ముక్కలు ఒక గిన్నెలో, పనీరు, క్యాప్సికం ఇంకో గిన్నెలో పెట్టి ఊచలకు గుచ్చుతోంది. నరేంద్ర ఆఫీసు స్నేహితులు ముగ్గురు డ్రమ్ము చుట్టూ చేరి, ఫోన్లలో వీడియోలు చూస్తూ తలా ఒక సలహా చెబుతున్నారు. ఒకతను హెయిర్ డ్రయ్యర్ తెమ్మన్నాడు.

"జుట్టు ఆరబెట్టే మిషను బొగ్గులకెందుకు నాయనా?" అంటూ సుబ్బలక్ష్మి ముందుకు వచ్చింది. బొగ్గులన్నీ పక్కకు తోసి, కింద కొబ్బరి పీచు పేర్చి, చిన్న బొగ్గులు ముందు, పెద్దవి తరవాత వేసి, తాటాకు విసనకర్రతో మెల్లగా విసిరింది. అయిదు నిమిషాల్లో డ్రమ్ములో ఎర్రటి వెలుగు వచ్చింది.

"అమ్మా, ఇది ఎక్కడ నేర్చుకున్నావు?" అన్నాడు నరేంద్ర.

"కుంపటి దగ్గర. నీకు పదేళ్లు వచ్చేదాకా ఈ ఇంట్లో వంకాయ కాలినా, మొక్కజొన్న పొత్తు కాలినా దాని మీదే. అప్పట్లో దానికి పార్టీ అని పేరు పెట్టలేదు, అంతే."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది కానీ కళ్లు మెట్ల తలుపు మీదే ఉన్నాయి. మంజుల అయిదింటికి వస్తానని మహితకు ఫోను చేసింది. కనకయ్య ఎప్పుడు వస్తాడో తెలియదు. అతను ముందు వస్తే కొంత వ్యవధి దొరుకుతుంది. ఆ తరవాత ఏం చేయాలో మాత్రం ఆమెకు తోచడం లేదు.

డాబాకు రెండో పక్క సూర్యప్రకాశరావు సుద్దముక్కతో కుర్చీల వీపుల మీద అంకెలు వేస్తున్నాడు. గోడకు తెల్ల దుప్పటి కట్టి, దాని మీద మ్యాచ్ కనబడేలా మహిత ప్రొజెక్టర్ అమర్చింది. ఎండ ఇంకా ఉండడంతో బొమ్మ వెలిసిన రంగుల చీరలా ఉంది. అయినా ఆయనకు బొమ్మ ముఖ్యం కాదు, కుర్చీలు ముఖ్యం.

"మన బ్యాటింగ్ మొదలైనప్పుడు ఎవరు ఎక్కడ కూర్చుంటే వికెట్ పడేదాకా అక్కడే. తెలిసిందా? మధ్యలో లేవడాలు, కుర్చీలు మార్చుకోవడాలు లేవు."

"అంకుల్, మరి ఊచలు తిప్పేవాళ్లు?" అన్నాడు ఒక కుర్రవాడు.

"వాళ్లు నిలబడే ఉంటారు కాబట్టి వాళ్లకు వర్తించదు. రూలు రూలే."

అప్పుడే మెట్ల మీద కర్ర చప్పుడైంది. కనకయ్య ఒక్కొక్క మెట్టు దగ్గరా ఆగి ఎక్కి వచ్చాడు. డెబ్బై ఏడేళ్ల మనిషి. తెల్ల లుంగీ మీద ఇస్త్రీ చొక్కా, భుజాన తువ్వాలు. నారాయణగూడ ప్రెస్సులో ముప్ఫై ఏళ్లు అక్షరాలు పేర్చిన చూపుడువేలు చివర ఇప్పటికీ నల్లగానే ఉంది.

"ఏం రావుసాబ్, ఇంకా బతికే ఉన్నవా?"

"నిన్ను సాగనంపి పోదామని ఆగానురా. రా, నీది నాలుగో నంబరు. స్తంభానికి కుడిపక్క. కింద గదిలో నీ పాత చోటులాగే."

"మోకాళ్లు గుంజుతయి భాయ్. మధ్యల ఒంటికి వస్తే?"

"వికెట్ పడ్డాక వెళ్లు."

"పడకుంటే?"

"పడకపోతే కప్పు మనదే. అంతకన్నా ఏం కావాలి నీకు?"

కనకయ్య పగలబడి నవ్వాడు. నవ్వుతూనే డ్రమ్ము దగ్గరికి చూపు తిప్పి, "చెల్లె, మంచిగున్నవా?" అన్నాడు. ఆ పిలుపుతోనే ఆమె విసనకర్ర ఆగిపోయింది. వాళ్లు వెనక పోర్షన్‌లో కిరాయికి ఉన్న పదకొండేళ్లూ అతను ఆమెను చెల్లె అనే పిలిచాడు. కూతురు వెళ్లిపోయిన ఏడాదే ఇల్లు ఖాళీ చేశారు. అతని భార్య పెంటమ్మ పోయినప్పుడు, ఆరేళ్ల కింద, సుబ్బలక్ష్మి వెళ్లి పలకరించి వచ్చింది. అంతే.

"బాగున్నాను అన్నయ్యగారూ. కూర్చోండి" అంది.

ఆట మొదలైంది. మనవాళ్లే ముందు బ్యాటింగ్. మొదటి పది ఓవర్లు వికెట్ పోకుండా గడవడంతో సూర్యప్రకాశరావు ముఖం వెలిగిపోతోంది. పిల్లలకు మొక్కజొన్న పొత్తులు, పెద్దలకు ఊచలు వెళుతున్నాయి. నిమ్మకాయ బద్దను కారంలో అద్ది పొత్తు మీద రాస్తుంటే ఆ వాసన పక్క డాబాలదాకా పోయింది. పక్కింటి వాళ్లు గోడ మీదుగా పళ్లేలు చాపారు. దూరంగా మెట్రో బండి చిక్కడపల్లి స్టేషన్లోకి మెల్లగా జారి ఆగింది.

"అంకుల్, మీరు ఈ సీట్ల సంగతి నిజంగా నమ్ముతారా?" అని అడిగాడు ఇందాకటి కుర్రవాడు.

"నమ్మడమా? చూశాను. తొంభై ఎనిమిది. షార్జా మ్యాచ్. ఇసుక తుఫాను వచ్చి ఆట ఆగింది, మీరు పుట్టి ఉండరు. కింద ముందుగదిలో పన్నెండు మందిమి ఒక్క టీవీ ముందు. ఈ కనకయ్య ఇలాగే అక్కడి స్తంభానికి కుడిపక్క కుర్చీలో. వీడు ఆ కుర్చీలో ఉన్నంతసేపూ మనవాళ్లు కొట్టడం ఆగలేదు. ఇంకో సంగతి. ఆ రోజు మీ ఆంటీని గదిలోకి రానివ్వలేదు. ఆవిడ అడుగు పెడితే వికెట్టే!"

మళ్లీ నవ్వులు. కనకయ్య కూడా నవ్వాడు. సుబ్బలక్ష్మి ఊచ తిప్పబోయి ఇనప జాలీని పట్టుకుంది. వేళ్లు చురుక్కుమన్నాయి. ఎవరూ చూడకుండా కొంగులో దాచుకుంది.

ఆ రూలు అంతకు రెండేళ్ల కింద పుట్టింది. ఏదో మ్యాచ్‌లో ఆమె పకోడీల పళ్లెం పట్టుకుని గదిలోకి రాగానే వరసగా మూడు వికెట్లు పడ్డాయి. పన్నెండు మంది మగవాళ్లు ఆమె వంక చూసిన చూపు ఆమె ఇప్పటికీ మరవలేదు. వాళ్లు తిట్టలేదు. నవ్వారు. తిట్టినా బాగుండేది. ఆనాటి నుంచి పళ్లెం గడప మీద పెట్టి తలుపు మీద రెండుసార్లు తట్టడం అలవాటైంది. లోపలి నుంచి ఎవరో ఒకరు టీవీ మీది నుంచి కళ్లు తిప్పకుండా చేయి చాపి పళ్లెం లాక్కునేవారు.

షార్జా మ్యాచ్ రోజు సాయంత్రం మంజుల పెరటి దారిన వంటింటి గుమ్మంలోకి వచ్చింది. ఇరవై ఒక్క ఏళ్ల పిల్ల. చేతిలో చిన్న రేకు పెట్టె. పెంటమ్మ ఆ పిల్లను తన తమ్ముడికి ఇచ్చి చేయాలని ముహూర్తం పెట్టించుకుంది. ఆ పిల్లకేమో బెంగుళూరులో ఉద్యోగం వచ్చింది. ఆ సాయంత్రం మంజుల చెప్పిన మాటలు సుబ్బలక్ష్మికి ఒక్క అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. చెప్పి, ఆమె రెండు చేతులూ పట్టుకుని, "మరిచిపోవు కద అత్తమ్మా?" అంది. మరిచిపోనని సుబ్బలక్ష్మి ఒట్టు వేసింది. గేటుదాకా వెళ్లి, ఆ పిల్ల సందు మలుపు తిరిగేదాకా చూసింది. ఎవరు వెళ్లినా అలా మలుపుదాకా చూడడం ఆమెకు అలవాటు. చూడకపోతే వెళ్లినవాళ్లు తిరిగి రారని చిన్నప్పటి నుంచీ భయం. ఆ రోజు చూసింది. అయినా రాలేదు.

రాత్రి బండికి ఇంకా చాలా టైముంది అనుకుంది. పళ్లెం పట్టుకుని ముందుగది గడప దగ్గరికి వెళ్లింది. రెండుసార్లు తట్టింది. "అన్నయ్యగారూ, ఒక్క మాట" అంది. భర్త వెనక్కి తిరగకుండా చేయి పైకెత్తాడు. ఓవర్ అవనీ అని. ఓవర్ అయింది. ఇంకో ఓవర్ మొదలైంది. ఆమె మళ్లీ తట్టింది. మళ్లీ ఆ చేయే లేచింది. గడప మీద ఎన్ని ఓవర్లు నిలబడిందో లెక్క లేదు. ఆమెను ఎవరూ పట్టి ఆపలేదు. తలుపు తెరిచే ఉంది. ఒక్క అడుగు వేస్తే సరిపోయేది. ఆ అడుగు వేయగానే వికెట్ పడితే పన్నెండు మంది మళ్లీ అలా చూస్తారు. అదొక్కటే ఆమెను ఆపింది.

తుఫాను వచ్చి ఆట ఆగి, అందరూ లేచి వసారాలోకి వచ్చినప్పుడు ఆమె కనకయ్య కోసం వెతికింది. అతను కనబడలేదు. బీడీ కాల్చుకోవడానికి వెళ్లాడేమో అనుకుంది. ఆట మళ్లీ మొదలైన చాలాసేపటికి అతను వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. అప్పటికి బండి టైము దాటిపోయింది. మర్నాడు పొద్దున వెనక పోర్షన్‌లో పెంటమ్మ గుండెలు బాదుకుంటుంటే అందరితో పాటు సుబ్బలక్ష్మి కూడా వెళ్లి నిలబడింది. ఆ నిమిషంలో చెప్పవలసింది. చెప్పలేదు. తరవాత చెప్పడానికి ఏ నిమిషమూ సరైనదిగా కనబడలేదు.

"నానమ్మా, మాడిపోతోంది!" అని మహిత అరిచింది.

సుబ్బలక్ష్మి విసనకర్ర మనవరాలి చేతిలో పెట్టింది. గడియారం నాలుగూ ఇరవై చూపిస్తోంది. కొంగు నడుముకు దోపుకుని, కుర్చీల వరస ముందునుంచి, దుప్పటి మీది బొమ్మకు అడ్డంగా నడిచింది. బౌలర్ అప్పుడే పరుగు మొదలుపెట్టాడు. అతను ఆమె చీర మీద నుంచి పరిగెత్తాడు.

"సుబ్బూ! ఓవర్ మధ్యలో ఏంటది!" సూర్యప్రకాశరావు కుర్చీ చేతులు పట్టుకుని గావుకేక పెట్టాడు.

"అవనివ్వండి" అందామె. "అన్నయ్యగారూ, ఒక్కసారి ఇటు రండి."

"ఇప్పుడా చెల్లె?" కనకయ్య స్నేహితుడి వంక చూశాడు.

"కదిలావంటే చూడు!" అన్నాడు రావు.

"ఇప్పుడే రండి" అంది సుబ్బలక్ష్మి. ఆమె గొంతులో ఏం వినబడిందో, కనకయ్య కర్ర ఊని లేచాడు. రెండో బంతికి స్టంపులు ఎగిరిపోయాయి. డాబా మొత్తం తల పట్టుకుంది.

"చూశారా! చూశారా! నేను చెప్పలేదూ!" అని రావు అరుస్తూనే ఉన్నాడు. ఆమె వెనక్కి చూడలేదు. నీళ్ల ట్యాంకు వెనక, గాలికి పొగ ఇటు రాని చోట ఆగింది. వంటింటి స్టూలు ఒకటి అక్కడ ఉంది. కనకయ్య దాని మీద కూర్చున్నాడు.

"ఏంది చెల్లె? పానం మంచిగ లేదా? మొఖం గట్లయిందేంది?"

"మంజుల వచ్చింది."

అతను కర్రను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"యాడికి?"

"ఊళ్లోనే ఉంది. అయిదింటికి ఇక్కడికి వస్తోంది. మీరు ఉంటారని తెలియదు దానికి."

"నేను పోత." లేవబోయాడు. మోకాలు సహకరించలేదు. "జర ఆటో పిలువమను పోరగాళ్లను. అది నా మొఖం చూడదు చెల్లె. చూసేదుంటే ఇన్నేండ్లు ఊకుంటదా?"

"ఆగండి. అది ఊరుకుంది నా మూలాన." ట్యాంకు గోడకు ఆనుకుంది. "వెళ్లే రోజున అది నాకొక కబురు చెప్పింది. మీకు చెప్పమంది. నేను చెప్పలేదు."

"ఏం చెప్పమన్నది?"

"మీరు కోప్పడండి, కానీ..."

"కోపం తర్వాత. ఏం చెప్పమన్నదో ఉన్నదున్నట్టు చెప్పు."

ఆమె కళ్లు మూసుకుంది. మంజుల మాటలు మంజుల యాసలోనే వచ్చాయి. "'నాన్నకు చెప్పు అత్తమ్మా. బెంగుళూరుల కొలువు దొరికింది. రాత్రి బండికి కాచిగూడల ఎక్కుతున్న. అమ్మ మాట కాదనలేక నాన్న ఊకున్నడు గని ఆయన మనసు నాకెరుక. నాన్న స్టేషన్‌కు వచ్చి, పోయి రా బిడ్డా అని ఒక్క మాట అంటే, ఉత్తరం రాస్త, పండుగకు వస్త. రాకుంటే, ఆ ఇంట్ల నాకు ఎవ్వరు లేరనుకుంట.' ఇదీ అది చెప్పింది. గడప దగ్గర నిలబడ్డాను. లోపలికి రాలేదు. వికెట్ పడితే అందరూ నవ్వుతారని రాలేదు. అంతే అన్నయ్యగారూ. ఇంకే కారణమూ లేదు."

ట్యాంకు అవతల దుప్పటి మీద ఎవరో ఫోరు కొట్టారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. కనకయ్య నల్లబడిన తన వేలి చివరను బొటనవేలితో రుద్దుకున్నాడు.

"నేను పోయిన చెల్లె" అన్నాడు.

"ఎక్కడికి?"

"స్టేషన్‌కు."

ఆమెకు అర్థం కాలేదు.

"ఇసుక లేచి ఆట ఆగింది కద. నీళ్లు తాగుదామని ఇంట్లకు పోయిన. దాని పెట్టె లేదు. బెంగుళూరు కొలువు కాయితం ప్రెస్సు అడ్రసుకే వచ్చింది, నేనే దాని చేతికిచ్చిన, పెంటమ్మకు చెప్పలే. గందుకే నాకు సమజైంది. సైకిల్ తీస్కొని పోయిన. మెట్ల వంతెన ఎక్కి చూసిన. కింద బెంచీ మీద కూసున్నది. పెట్టె ఒళ్లె పెట్టుకొని గేటు దిక్కే చూస్తున్నది."

"మరి... దిగలేదా?"

"దిగితే నన్ను చూసి ఏడుస్తది. నేను ఏడుస్త. పెట్టె చేతులకెల్లి గుంజుకుంటే ఎంటనే వస్తది, గంత మెత్తటి పిల్ల. వస్తే ఏమయితది? మేనమామకిచ్చి చేస్తరు. ఆడు తాగుబోతని నాకెరుక, పెంటమ్మకెరుక లేదా? తమ్ముడాయె. దిగితే ఆగుతదని దిగలే చెల్లె. దాని కంట పడకుంట నిలవడి, బండి కదిలినంక తిరిగొచ్చి కుర్చీల కూసున్న. యాడికి పోయినవని రావుసాబ్ తిట్టిండు కూడ."

"ఎవరికీ చెప్పలేదా?"

"ఎవరికి చెప్పాలె? ఉత్తరం వస్తదని చూసిన. ప్రెస్సుకు పోస్టుమ్యాన్ వస్తే పని ఇడిసిపెట్టి లేచేటోణ్ని. యాడాది చూసిన, రెండేండ్లు చూసిన. పట్నంల సుఖపడ్డది, మరిచింది, మంచిదే అనుకున్న." "నాకేం తెలుసు? నేను కనవడుడే అది అడిగిన ఒక్కటని నాకేం తెలుసు? దాని మంచికని దాక్కున్న నేను."

సుబ్బలక్ష్మి కొంగుతో నోరు మూసుకుంది.

"ఒక్క అడుగు చెల్లె" అన్నాడతను. గొంతు పెంచలేదు. "నా దగ్గరికి ఒక్క అడుగు ఏసినవంటే, నేను ఆ మెట్లు దిగేటోణ్ని. పోయిరా బిడ్డా అని పంపేటోణ్ని. పెంటమ్మ పోయేనాడు దాని పేరే పలవరించింది. పోయినంక నువ్వు వచ్చి నా పక్కన కూసున్నవు. అప్పుడన్న నోరు రాలేదా?"

క్షమించమని అడిగే అర్హత ఉందని ఆమెకు అనిపించలేదు. అందుకే అడగలేదు. డ్రమ్ము దగ్గర హారతి ఎవరికో చికెన్ వద్దా, పనీర్ వేయనా అని అడుగుతోంది. అన్ని ఇళ్లల్లోనూ ఆదివారం ఇలాగే ఉంటుంది కదా అని సుబ్బలక్ష్మికి అనిపించింది. ఏ ట్యాంకు వెనక ఎవరు కూర్చున్నారో ఎవరికీ తెలియదు.

కాసేపటికి కనకయ్య తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"సరే. అయ్యిందేదో అయ్యింది. దానికి మాత్రం చెప్పకు."

"ఏది?"

"నువ్వు కబురు చెప్పలేదన్న ముచ్చట. చెప్పినవనే అనుకోనీ. నేనే రాలేదనుకోనీ. ఇన్నేండ్లు నా మీదనే కోపం పెట్టుకుని బతికింది, అలవాటయ్యుంటది. ఇప్పుడు ఇద్దరి మీద కోపమెందుకు దానికి? ఒక్కని మీద ఉన్నది చాలు."

"అన్నయ్యగారూ..."

"నీ కొడుకు, కోడలు, మనవరాలు, అందరున్నరు. అందరి ముందట నీ తల దించుడు నాకిష్టం లేదు. నువ్వు చేసింది తప్పే. తప్పు కాదంట లేను. గని నువ్వు నా చెల్లెవు."

సుబ్బలక్ష్మి ఇంకేదో అనబోయింది. అంతలో మెట్ల తలుపు దగ్గర మహిత గొంతు వినబడింది.

"నానమ్మా! మంజుల ఆంటీ వచ్చారు!"

అయిదు కాకముందే వచ్చేసింది. కనకయ్య స్టూలు మీదినుంచి లేచాడు. ఈసారి మోకాలు అడ్డం రాలేదు. ఇద్దరూ ట్యాంకు చాటు నుంచి బయటికి వచ్చేసరికి, ఆమె డాబా మధ్యదాకా వచ్చి నిలబడి ఉంది. నేత చీర, కళ్లజోడు, చెవుల దగ్గర నెరిసిన జుట్టు. చేతిలో స్వీట్ల డబ్బా. సుబ్బలక్ష్మి మనసులోని ఇరవై ఒక్క ఏళ్ల పిల్లను ఆ ముఖంలో వెతుక్కుంటే, నుదుటి దగ్గర మాత్రం దొరికింది.

మంజుల తండ్రిని చూసింది. డబ్బాను రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. ముందుకు రాలేదు. వెనక్కి పోలేదు.

దుప్పటి మీద ఎవరో సిక్సు కొట్టారు. కుర్రవాళ్లు అరిచారు. సూర్యప్రకాశరావు ఒక్కడే ఆట చూడడం మానేసి తన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. వికెట్ పడలేదన్న సంగతి ఆయనకు గుర్తు రాలేదు.

"మంజులవా? కనకయ్య కూతురివా నువ్వు?"

ఆమె ఆయనకు నమస్కారం పెట్టింది. తరవాత సుబ్బలక్ష్మి వైపు తిరిగింది. తండ్రి వైపు మళ్లీ చూడలేదు.

"అత్తమ్మా. నిన్ను ఒక్క మాట అడగనీకే వచ్చిన. ఈయన ఇక్కడుంటడని నాకెరుక లేదు. ఉన్నా మంచిదే. ఆనాడు నేను చెప్పిన కబురు నాన్నకు చెప్పినవా?"

"చెప్పింది" అన్నాడు కనకయ్య. ఆమె నోరు విప్పకముందే, గట్టిగా, డాబా అంతా వినబడేలా అన్నాడు. "మొత్తం చెప్పింది. నేనే రాలే బిడ్డా."

నరేంద్ర చేతిలో ఊచలు ఆగిపోయాయి. హారతి, మహిత ఒకరినొకరు చూసుకున్నారు. సుబ్బలక్ష్మికి వాళ్ల ముఖాలన్నీ ఒకేసారి కనబడ్డాయి. ఆ పన్నెండు మంది ముఖాల్లాగే అన్నీ తన వైపే తిరిగి ఉన్నాయి. ఊరుకుంటే ఇదిలాగే అయిపోతుంది. స్వీట్ల డబ్బా విప్పుతారు. తలా ఒకటి తింటారు. మంజుల గేటు దాటి వెళుతుంది. తను మలుపుదాకా చూస్తుంది.

"అబద్ధం" అందామె. "మీ నాన్న అబద్ధం చెబుతున్నారు మంజులా. నేను చెప్పలేదు. ఒక్క ముక్క కూడా చెప్పలేదు. గడప దగ్గర నిలబడి వెనక్కి తిరిగి వచ్చేశాను."

కుర్రవాళ్లలో ఎవరో మ్యాచ్ సౌండు తగ్గించారు. మంజుల కళ్లజోడు తీసింది. సుబ్బలక్ష్మిని చూసింది. ఇప్పుడు మొదటిసారిగా తండ్రిని నిదానంగా, పాదాల నుంచి తలదాకా చూసింది. ఆ ముఖంలో కోపం లేదు. కోపం ఎటు పోయిందో తెలియనట్టుగా ఉంది.

"నువ్వు చెప్పకుంటే..." అంది. మళ్లీ అంది. "నువ్వు చెప్పకుంటే, నాన్న ఆ వంతెన మీదికి ఎందుకొచ్చిండు అత్తమ్మా? నేను కిటికీలకెల్లి చెయ్యి ఊపుతుంటే, నన్ను చూసి కూడ ఎందుకు అటు తిరిగిపోయిండు?"

కనకయ్య చేతిలోని కర్ర నేల మీద పడింది.